డిజైన్ ఫైలు తోక ఎందుకు మారుతుంది?

త్రీడీ ప్రింటర్‌తో బొమ్మ చేద్దామని ‘ఏనుగు.3ఎంఎఫ్’ అనే డిజైన్ ఫైలు డౌన్‌లోడ్ చేశారు. తీరా చూస్తే అది ‘ఏనుగు.జిప్’ అయి కూర్చుంది! ఫైలు పాడైందా? లేదు. పేరు చివరి తోక మాత్రమే మారింది. దాన్నే ఎక్స్‌టెన్షన్ అంటారు.

ఎందుకు మారింది?

సర్వర్ ఫైలుతో పాటు ‘ఇది ఫలానా రకం’ అని బ్రౌజర్‌కి ఓ మాట చెబుతుంది. అదే మైమ్ టైప్. డిజైన్ ఫైళ్ల రకాలు సర్వర్ జాబితాలో లేకపోతే అది తప్పు చెప్పవచ్చు, అసలు చెప్పకపోనూవచ్చు. అప్పుడు కొన్ని బ్రౌజర్లు ఫైలులోని మొదటి బైట్లు చదివి రకాన్ని ఊహిస్తాయి. 3ఎంఎఫ్ నిజానికి చాలా ఫైళ్లను జిప్ పద్ధతిలో కట్టిన మూట. అది ‘పీకే’ అనే రెండు అక్షరాలతో మొదలవుతుంది. 1989లో జిప్‌ను తెచ్చిన ఫిల్ కాట్జ్ పొడి అక్షరాలవి! వాటిని చూసి బ్రౌజర్ ‘ఇది జిప్’ అనేసుకుంటుంది.

ఎలా సరిచేయాలి?

మూట విప్పకండి. విండోస్ 11లో అయితే ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ వరుసగా నొక్కండి. దాగిన తోకలు కనిపిస్తాయి. రీనేమ్ నొక్కి ‘.జిప్’ తీసేసి ‘.3ఎంఎఫ్’ పెట్టండి. లోపలి సమాచారం చెక్కుచెదరదు కాబట్టి డిజైన్ మామూలుగా తెరుచుకుంటుంది.

ఒకటి గుర్తుంచుకోండి: పేరు మార్చితే రకం మారదు. ఫొటోకు ‘.ఎంపీ3’ తగిలించినా అది పాట పాడదు!