మడత గంటమా, నిలువు గంటమా?



మన పాఠశాలలో పిల్లలచే తాటియాకుపై తమ పేరును తెలుగున వ్రాయించు పాఠమొకటి కలదు. ఆ పాఠమునాడు ఒక బాలిక తన యింటినుండి చిన్న మడతకత్తి నొకదానిని తెచ్చినది. ఇత్తడి పిడిలో ఒకవైపు కత్తి, మరియొకవైపు మొనగల సన్నని ఉక్కు ఊచ మడచి యుండెను. ఆ యింటి అవ్వగారు కత్తితో వక్కలు చీల్చుకొనెడివారట. ఊచను విరిగిన దబ్బనమని తలచి, మొత్తమును పాత యినుముకు వేయ నెంచిరట. అది దబ్బనము కాదు, గంటము. వారి యింటి పూర్వులు వ్రాతకు వాడిన పనిముట్టు.

నాటినుండి తల్లిదండ్రులు కొందరు "మా యింటను ఇట్టిది యున్నది. బిడ్డచేత పంపవచ్చునా? లేక కమ్మరిచే నిలువు గంటమును చేయింపవలెనా?" అని యడుగుచున్నారు. వారికి సమాధానముగా ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

తెలుగున గంటమనబడు దీనిని తమిళమున ఎళుత్తాణి యందురు. తమిళదేశమున దీనికి మూడు రూపములు ప్రసిద్ధములు. గుండెళుత్తాణి పొట్టిది, తల బరువుగాను గుండ్రముగాను ఉండును, మొన అంత వాడి కాదు. క్రొత్తగా నేర్చు పిల్లలు దీనినే వాడెడివారు. వారెళుత్తాణి పొడవైనది, ఒక కొన వ్రాయు మొన, రెండవ కొన ఆకును కోయు కత్తి. దీనినే మనము నిలువు గంటమనుచున్నాము. మడక్కెళుత్తాణి మడత గంటము. కత్తియు మొనయు పిడిలోనికి ముడుచుకొనును.

వ్రాతకు కత్తి యేల యని పిల్లలడుగుదురు. తాటియాకును ఆరబెట్టి, నీట నుడికించి, మరల ఆరబెట్టి, నున్నగా రుద్ది, ఈనెను తీసి, అంచులను సమముగా కోయవలెను. ఆ కోతకే కత్తి. పిదప ఆకును ఎడమచేత పట్టి, ఎడమ బొటనవ్రేలిని గంటమునకు ఆనికగా నుంచి, కుడిచేత అక్షరమును గీయుదురు. సిరా యక్కరలేదు. దీపపు మసిని నూనెతో కలిపి ఆకుపై రుద్ది తుడిచినచో, గీతలలో నలుపు నిలిచి అక్షరము కనబడును.

ఈ పనిలో బలమంతయు మొనమీద పడును. నిలువు గంటము ఒకే లోహపు ముక్క గనుక కదలదు. మడత గంటమున ఆ బలమును మడతమేకు మోయవలెను. ఏండ్లు గడచినకొలది మేకు వదులై మొన యాడును, అక్షరము వంకరపోవును. అంతకన్న ముఖ్యమైన మాట యొకటి: మేము చూచిన పాత మడతలలో తెరచిన అలుగును కదలకుండ పట్టియుంచు ఏర్పాటు లేదు. గట్టిగా నొక్కినపుడు అది వ్రేలిమీదికి ముడుచుకొనవచ్చును.

అట్లని మడత గంటము తక్కువది కాదు. మొన పిడిలో దాగును, ఒర యక్కరలేదు, రొండిని దోపుకొని పోవచ్చును. ఒకచోట కూర్చుండి వ్రాయువారికి నిలువు గంటము, ఊరూర తిరుగుచు వ్రాయువారికి మడత గంటము అనుకూలము.

కావున మా యభిప్రాయ మిది. పెద్దలు నేర్వదలచినచో నిలువు గంటమును ఎన్నుకొనుడు. పిల్లలకు మాత్రము ఈ రెండును వలదు. కత్తిలేని గుండు గంటమే తగినది. చేయించువారు అది బిడ్డ జానకు మించకుండ, మొన సూదివలె గాక కొంచెము మొద్దుగా నుండునట్లు కమ్మరికి చెప్పుడు. మిక్కిలి వాడియైన మొన ఆకును చీల్చును. సూలూరు చుట్టుపట్ల తాటిచెట్లకు కొదువ లేదు. ఆకును కోసి సిద్ధపరచి యిచ్చు పని ఉపాధ్యాయులది.

ఇంటనున్న పాత గంటమును పాఠశాలకు పంపక భద్రపరచుడు. సానరాతిపై నూరవలదు, చింతపండుతో తోమవలదు, బిగిసిన మడతను బలవంతముగా తెరవవలదు. పొడిబట్టతో తుడిచి, మేకువద్ద ఒక చుక్క నూనె వేసిన చాలును.

గంటమున్న యింట ఆకుల కట్టయు నుండవచ్చును. అటకను ఒకసారి వెదకుడు. దొరకినచో నీటితో తుడువక, మద్రాసున 1869లో నేర్పడిన ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయము వంటి చోట తెలిసినవారికి చూపుడు. తంజావూరు సరస్వతీ మహలులోని తెలుగు తాళపత్రములు నేటికిని నిలిచియుండుటకు కారణము, ఆకులను పారవేయక దాచినవారుండుటయే.

ఆ అవ్వగారు వక్కలకు వేరొక కత్తిని కొనిరి. మనుమరాలు వ్రాసిన ఆకును గంటముతో చేర్చి పెట్టెలో దాచిరి. గంటమును దాచుట సులభము. దానితో వ్రాయదగిన అక్షరములను బిడ్డలకు నేర్పుట మన యిరువురి బాధ్యత. పాఠశాలలో మేము నేర్పెదము. ఇంటిలో మీరు చదివింపుడు.