జీపు అడుగు రేకుకు రక్షణ పూత: మేలు, మెలకువలు, ప్రమాదాలు

వాహనం బయటి రంగుపై చిన్న గీత పడినా యజమాని మనసు చివుక్కుమంటుంది. అదే వాహనంలో కాళ్ల కింద పరచిన పట్టా అడుగున రేకు ఏళ్ల తరబడి తుప్పుపట్టి పొరలుగా లేచిపోతున్నా ఎవరి కంటా పడదు. ఒకనాడు బరువైన బస్తా దించినప్పుడు రేకు కుంగితేగాని సంగతి బయటపడదు.

సరిహద్దు పల్లెల్లో జీపు విలాస వస్తువు కాదు. బస్సు రాని దారిలో బడిపిల్లలు వెళ్లేది అందులోనే. నెలలు నిండిన స్త్రీని ఆసుపత్రికి చేర్చేదీ, సంతకు కూరగాయలు మోసేదీ అదే. బళ్లారి, సండూరు ప్రాంతాల్లో ఇనుప ఖనిజపు ఎర్రధూళి, రాయగడ కొండదారుల్లో వాననీరు, బురద, యానాంలో ఉప్పుగాలి, చేపల బుట్టల నుండి కారే నీరు ఈ వాహనాల అడుగు రేకును నిత్యం తినివేస్తుంటాయి. 2022 జులైలో గోదావరి వరద యానాంను ముంచెత్తినట్టు నీరు ఊళ్లోకి వచ్చినప్పుడు, వాహనంలో చేరిన బురద పట్టాల కింద చాలా రోజులు తడి ఆరకుండా నిలిచిపోతుంది.

ఈ నష్టాన్ని అరికట్టడానికి వాడే సాధనాల్లో ఒకటి గన్‌తో చిమ్మే రక్షణ పూత. దీనిని వ్యాపార పరిభాషలో ‘లైనర్’ అంటారు. మొదట సరుకు మోసే పికప్ వాహనాల తొట్లకు వాడిన ఈ పూతను తరువాత జీపుల లోపలి నేలకు కూడా వేయసాగారు.

రేకు చిల్లుపడితే ఏమవుతుంది?

అడుగు రేకుకు చిల్లు పడటం కేవలం అందానికి సంబంధించిన లోపం కాదు. పొగగొట్టం వాహనం అడుగు భాగం నుండే వెళుతుంది. ఆ గొట్టంలో ఎక్కడైనా లీకు ఉంటే రేకులోని చిల్లుల ద్వారా కార్బన్ మోనాక్సైడ్ వాయువు లోపలికి చేరుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. అద్దాలు మూసిన వాహనంలో ప్రయాణించేవారికి తలనొప్పి, మగత, వాంతి వచ్చినట్టుండటం దీని లక్షణాలు. మోతాదు పెరిగితే ప్రాణాపాయం. ఇక సీట్ల బోల్టులు, సీటు బెల్టుల బోల్టులు బిగించిన చోట రేకు తుప్పుపడితే, గట్టి బ్రేకు వేసిన క్షణంలో సీటు ఊడి ముందుకు రావచ్చు.

పూత స్వభావం

ఈ పూతలు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది పాలీయురేథేన్, రెండవది పాలీయూరియా. రెండింటిలోనూ రెండు ద్రవాలను కలిపినప్పుడు రసాయన చర్య జరిగి, రబ్బరు వలె సాగే గుణం గల గట్టి పొర ఏర్పడుతుంది. పాలీయూరియా కొద్ది సెకన్లలోనే గడ్డకడుతుంది. అందువల్ల దానిని వేడిచేసి, అధిక పీడనంతో చిమ్మే ప్రత్యేక యంత్రం తప్పనిసరి. పల్లెలోని పెయింటింగ్ షెడ్డులో ఉండే కంప్రెసర్‌తో అది సాధ్యం కాదు.

షెడ్డులో వేయదగినది కిట్టు రూపంలో దొరికే పాలీయురేథేన్ పూత. బాగా ప్రచారంలో ఉన్న ఒక రకంలో సీసాలో 750 మిల్లీలీటర్ల రంగు ఉంటుంది. అందులో 250 మిల్లీలీటర్ల హార్డెనర్ పోసి, బాగా కుదిపి, సీసాను నేరుగా గన్‌కు బిగిస్తారు. ఇవి కాక బ్రష్షుతోగానీ రోలర్‌తోగానీ పూయదగిన పూతలు కూడా ఉన్నాయి. గన్‌తో వేసినంత సమంగా రాకపోయినా వాటితో గాలిలోకి తుంపర లేవదు.

తుప్పుపై పూత వేయరాదు

పూత నూరింట తొంభై పాళ్లు సిద్ధపరచడంలోనే ఉందని అనుభవజ్ఞులు చెబుతారు. ముందుగా బ్యాటరీ తీగ విప్పి సీట్లు, పట్టాలు, వాటి కింది మెత్తలు అన్నింటినీ తీసివేయాలి. అనుమానమున్న ప్రతి చోటా స్క్రూడ్రైవర్ మొనతో రేకును నొక్కి చూడాలి. మొన దిగిన చోట రేకు చచ్చినట్టే. దానిని కోసివేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. విల్లీస్ తరహా పాత జీపుల్లో ఇంధనపు ట్యాంకు డ్రైవర్ సీటు కిందే ఉంటుంది. అటువంటి వాహనానికి ట్యాంకు విప్పి దూరంగా పెట్టిన తరువాతే వెల్డింగ్ మొదలుపెట్టాలి.

పైపై తుప్పును వైర్ బ్రష్షుతో, గ్రైండర్‌తో తొలగించి మెరిసే లోహం కనిపించేదాకా శుభ్రం చేయాలి. తుప్పును దాచిపెట్టి పైన పూత వేస్తే, లోపల చిక్కిన తేమ రేకును కింది నుండి తింటూనే ఉంటుంది. పైకి నల్లగా నిగనిగలాడుతూ లోపల బోలుగా ఉన్న నేల, చిల్లు బయటికి కనిపించే నేలకన్నా ప్రమాదకరం.

ఆ తరువాత నూనె, గ్రీజు మరకలను తుడిచివేయాలి. ఎరువుల బస్తాలు మోసిన వాహనాన్ని మంచినీటితో పలుమార్లు కడగాలి. ఎర్ర పొటాష్ నిజానికి పొటాషియం క్లోరైడ్ అనే లవణమే. రేకు సందుల్లో మిగిలిన ఆ లవణం తేమను పీల్చి తుప్పును త్వరితం చేస్తుంది. కడిగిన వాహనం పూర్తిగా ఆరాక, పాత రంగు ఉన్న చోట ఉప్పు కాగితంతో గరుకు చేయాలి. నున్నని రంగుపై పూత పట్టు నిలవదు. లోహం బయటపడిన చోట్ల ఎపాక్సీ ప్రైమర్ వేయాలి.

మూయవలసినవి

గన్ పట్టుకునే ముందు సీట్ల బోల్టు మరలు, బెల్టు బోల్టు మరలు, నీరు పోయే రంధ్రాలు, తీగల చుట్లు, పెడళ్ల కీళ్లు, గేరు మూత అంచులు మాస్కింగ్ టేపుతో మూయాలి. గేరుబాక్సుపై ఉన్న మూతను నేలతో కలిపి పూతవేస్తే, రేపు మరమ్మతుకు దానిని కోయవలసి వస్తుంది. పెడల్ చివరిదాకా కదిలే చోట పూత మందంగా పేరుకోకుండా చూడాలి. ఛాసిస్ నంబరుపైగానీ, కంపెనీ పలకపైగానీ ఎట్టి పరిస్థితుల్లోనూ పూత పడరాదు. వాహన తనిఖీలో ఆ నంబరు కనిపించకపోతే చిక్కులు తప్పవు.

వేసే విధానం

ఈ పనికి వాన లేని, గాలి పొడిగా ఉన్న రోజును ఎంచుకోవాలి. మాఘ, ఫాల్గుణ మాసాలు అనువైనవి. తెల్లవారుజామున రేకుపై మంచు చెమ్మ ఉంటుంది గనుక ఎండ పొడచూపి రేకు ఆరిన తరువాతే పని మొదలుపెట్టాలి. హార్డెనర్‌కు నీరు తగిలితే బొగ్గుపులుసు వాయువు పుట్టి పూతలో బుడగలు లేస్తాయి. ఎండలో కాలిన రేకుపైనా వేయరాదు.

మొదటి పూత పలుచగా, రెండవది కొంత మందంగా వేయాలి. రెండింటి మధ్య ఎంత వ్యవధి ఉండాలో డబ్బాపై రాసి ఉంటుంది. గాలి పీడనం తగ్గితే పూత గరుకుగా, పెరిగితే సన్నగా వస్తుంది. ఎర్రధూళి ప్రాంతాలవారు సన్నని గరుకుదనాన్నే కోరుకోవడం మేలు. మరీ గరుకైతే ధూళి గుంటల్లో చేరి చీపురుకు రాదు. పైకప్పు లేని జీపుకు నల్లరంగు కన్నా బూడిదరంగు మంచిది. ఎండలో నల్లని నేల వట్టి కాళ్లను చురుక్కుమనిపిస్తుంది. కలిపిన ద్రవం ఎండాకాలంలో త్వరగా గడ్డకడుతుంది కాబట్టి ఒక్కొక్క సీసానే కలుపుకోవాలి.

ఊపిరితిత్తులకు ముప్పు

ఈ పనిలో అన్నింటికన్నా ముఖ్యమైన విషయం ఇదే. హార్డెనర్‌లో ఐసోసయనేట్ వర్గపు రసాయనాలుంటాయి. 1984 డిసెంబరులో భోపాల్‌లో వెలువడిన మిథైల్ ఐసోసయనేట్ కూడా ఈ వర్గానిదే. రంగుల్లో వాడేవి అంత తేలికగా ఆవిరయ్యేవి కావు. అయితే గన్‌తో చిమ్మినప్పుడు సన్నని తుంపరగా మారి ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. దాని వల్ల ఉబ్బసం రావచ్చు. ఒకసారి శరీరం ఈ రసాయనానికి ఎదురుతిరిగిందంటే, ఆ తరువాత అతి కొద్ది మోతాదు తగిలినా ఊపిరాడని స్థితి కలుగుతుంది. ఆ పైన ఆ మేస్త్రీ జీవనోపాధినే మానుకోవలసి వస్తుంది.

ముక్కుకు కట్టుకున్న తువ్వాలుగానీ, గుడ్డ మాస్కుగానీ ఈ తుంపరను ఆపలేవు. బయటి శుభ్రమైన గాలిని గొట్టం ద్వారా అందించే ముఖతొడుగు అన్నింటికన్నా సురక్షితం. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు, ఒంటినిండా దుస్తులు ఉండాలి. చర్మం ద్వారా కూడా హాని జరుగుతుంది. ఇంటి ముంగిట, పశువుల పాక పక్కన, పిల్లలు ఆడుకునే చోట ఈ పని చేయించరాదు. బీడీ, పొయ్యి, దీపం దరిదాపుల్లో ఉండరాదు. ఈ సదుపాయాలు లేని షెడ్డులో గన్‌తో వేయించడం కన్నా రోలర్‌తో పూయదగిన పూతను ఎంచుకోవడం వివేకం. అయితే డబ్బాపై హెచ్చరికలు చదవాలి. రెండు ద్రవాలు కలిపేదైతే చేతి తొడుగులు, గాలి ధారాళంగా ఆడే చోటు అప్పుడూ అవసరమే.

పూత వేసిన తరువాత

మరునాటికి పూత ఆరినట్టు కనిపించినా పూర్తిగా గట్టిపడటానికి దాదాపు వారం పడుతుంది. అంతవరకు బరువులు వేయరాదు, నీటితో కడగరాదు. తరువాత నేలపై మళ్లీ తివాచీ అతికించకూడదు. ఎత్తి దులపడానికి వీలైన రబ్బరు పట్టాలే చాలు.

ఈ పూత లోపలి వైపునే కాపాడుతుంది. అడుగు వైపు రేకును ఏటా వానాకాలానికి ముందు విడిగా పరిశీలించాలి. పూత వేసిన చోట ఎప్పుడైనా వెల్డింగ్ అవసరమైతే ముందుగా ఆ భాగంలో పూతను గీకివేయాలి. కాలితే విషపు పొగలు వెలువడతాయి.

ఒకసారి వేసిన పూతను తొలగించడం చాలా కష్టం. అందువల్ల తొందర తగదు. 2020లో వచ్చిన కొత్త థార్ వంటి వాహనాల్లో కడగడానికి వీలైన నేలను, నీరు పోయే బిరడాలను కంపెనీయే అమర్చింది. రేకు బాగున్న అటువంటి వాహనానికి శుభ్రతే తగిన రక్షణ. బరువులు మోసే పాత జీపుకు మాత్రం, తుప్పు తీసి శ్రద్ధగా వేసిన పూత ఎంతో ఉపకరిస్తుంది. పూత వేయించినా వేయించకపోయినా, ఈ వారమే పట్టా ఎత్తి అడుగు రేకును ఒకసారి చూడటం ప్రతి కుటుంబమూ చేయదగిన పని. దానికి ఖర్చేమీ లేదు.