సర్టిఫికెట్ సరే... టీనేజ్‌లో సేవ చేస్తే మనకి ఇంకేం మిగులుతుంది?

ఇవాళ ఎపిసోడ్‌ని చాలా ఇళ్ళల్లో వినిపించే ఒక మాటతో మొదలుపెడతాను. "నిన్ను కాలేజీకి పంపింది చదువుకోవడానికా, ఊళ్ళో రోడ్లు ఊడవడానికా?" ఎన్ఎస్ఎస్‌లో చేరతాను అనగానే వచ్చే మాట ఇది. అమ్మానాన్నల భయం నాకు అర్థమవుతుంది. ఫీజు కట్టారు, ఈఏపీసెట్ ముందుంది, టైమ్ పోతుందేమో అని. కాబట్టి "సేవ చేయడం మంచిది" అని చెప్పి వదిలేస్తే సరిపోదు. చేసేవాళ్ళకి ఏం వస్తుందో లెక్క చెప్పాలి. చెప్తాను, వినండి.

ముందు టైమ్ లెక్క చూద్దాం. ఎన్ఎస్ఎస్ అంటే జాతీయ సేవా పథకం. గాంధీగారి శతజయంతి సంవత్సరం, 1969 సెప్టెంబర్ 24న మొదలైంది. అప్పుడు 37 యూనివర్సిటీలు, సుమారు 40 వేల మంది విద్యార్థులు ఉన్నారు. ఇప్పుడు డిగ్రీ కాలేజీల్లోనే కాదు, ప్లస్ టూ స్థాయిలో కూడా యూనిట్లు ఉన్నాయి. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళలో 240 గంటలు పనిచేయాలి. దానికి తోడు ఏడు రోజుల స్పెషల్ క్యాంప్ ఉంటుంది. 120 గంటల్ని 52 వారాలకి పంచి చూడండి, వారానికి రెండున్నర గంటలు కూడా రాదు. అంటే ఒక తెలుగు సినిమా చూసినంత సేపు. టైమ్ సంగతి అంతే.

ఇప్పుడు ఏం వస్తుందో చూద్దాం. మొదటిది, తెలియని మనిషితో మాట్లాడటం.

మనలో చాలామందికి మెసేజ్ పెట్టడం వచ్చు, ఫోన్ చేసి మాట్లాడాలంటే మాత్రం గుండె దడ. ఒక క్యాంప్‌లో నేను సర్వే టీమ్‌తో ఇంటింటికీ తిరిగాను. మాతో వచ్చిన ఇంటర్ అమ్మాయి మొదటి ఇంటి దగ్గర కాగితం చూసి గబగబా చదివేసింది. "కుళాయి ఉందా?" "ఉంది." టిక్. ఆ ఇంటి మామ్మ నవ్వి, "ఎవరమ్మాయివే నువ్వు? ముందు కూచో" అంది. మూడో రోజుకి ఆ అమ్మాయి కాగితం మడిచి పెట్టుకుని, అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్తూ అడుగుతోంది. అప్పుడు బయటపడింది, చివరి వీధిలో కుళాయిలు ఉన్నాయి కానీ నీళ్ళు ఎక్కట్లేదని. కాగితం మీద ఆ ప్రశ్నే లేదు! ఎదుటి మనిషి చెప్పేదాకా ఆగి వినడం ఆమెకి మూడు రోజుల్లో వచ్చింది. రేపు ఇంటర్వ్యూలో అయినా, ఉద్యోగంలో అయినా పనికొచ్చేది అదే కదా.

రెండోది, మన మీద ఇంకొకరు ఆధారపడటం.

రక్తదాన శిబిరం సంగతి తీసుకుందాం. తలసీమియా ఎక్కువగా ఉన్న పిల్లలకి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. సేకరించిన ఎర్ర రక్తకణాలు 35 నుంచి 42 రోజుల దాకానే నిల్వ ఉంటాయి. అందుకే ఒక్కసారి పెద్ద శిబిరం పెట్టి చేతులు దులుపుకుంటే కుదరదు. ఎండాకాలం కాలేజీలకి సెలవులు ఇస్తే శిబిరాలు తగ్గిపోయి కొరత వస్తుంది. రక్తం ఇవ్వాలంటే 18 ఏళ్ళు నిండాలి, కనీసం 45 కిలోల బరువుండాలి. మరి 16 ఏళ్ళ వాళ్ళు ఏం చేస్తారు? దాతల లిస్టు రాస్తారు, ముందురోజు ఫోన్లు చేసి గుర్తుచేస్తారు, వచ్చినవాళ్ళకి జ్యూస్ ఇచ్చి కాసేపు కూర్చోబెడతారు. రీల్ మధ్యలో ఆపేస్తే ఎవరికీ నష్టం లేదు. ఆ ఫోన్లు చేయకపోతే మాత్రం రావాల్సిన వాళ్ళు రారు, ఎక్కడో ఒక అమ్మ బ్లడ్ బ్యాంక్ ముందు నిలబడాల్సి వస్తుంది. "నేను చేయకపోతే తేడా వస్తుంది" అని పదహారేళ్ళకే తెలియడం చిన్న విషయం కాదండి. ఆ వయసులో మనకి ఎక్కువగా వినిపించేది "నీకేం తెలీదు, ఊరుకో" అనే కదా.

మూడోది, లీడర్‌షిప్. మైక్ పట్టుకుని మాట్లాడేవాడే లీడర్ అనుకుంటాం. క్యాంప్‌లో లీడర్‌గా ఉన్నవాణ్ణి చూడండి. అందరూ వాడి వయసు వాళ్ళే. జీతం ఇవ్వలేడు, మార్కులు కోయలేడు, గట్టిగా అరిస్తే ఎవరూ రారు. అయినా పొద్దున ఆరింటికి అందర్నీ లేపాలి, గిన్నెలు తోమే వంతు ఎవరిదో తేల్చాలి, అలిగినవాణ్ణి బుజ్జగించాలి. మెల్లగా వాడికి ఒకటి అర్థమవుతుంది. గిన్నెల దగ్గర ముందు తను కూర్చుంటేనే మిగతావాళ్ళు వస్తారు. క్లాసులో వెనక బెంచీలో ఉండే పిల్లాడు ఇలాంటి చోట అందరికంటే ముందుండటం నేను చూశాను. మార్కులు కొలవలేనిది తనలో ఒకటుందని వాడికీ, సార్లకీ అక్కడే తెలుస్తుంది.

అయితే ఒక మాట. ప్రతి ప్రోగ్రామ్‌లోనూ ఇవన్నీ రావు. బ్యానర్ కట్టి, అయిదు నిమిషాలు చీపురు పట్టుకుని, ఫోటో దిగి వెళ్ళిపోతే సర్టిఫికెట్ తప్ప ఏమీ రాదు. చేరే ముందు మూడు విషయాలు అడగండి. పని ఊరివాళ్ళకి నిజంగా అవసరమైనదేనా? ఏం చేయాలో తేల్చేటప్పుడు మన మాట కూడా వింటారా? పని అయ్యాక అందరూ కూర్చుని ఏం జరిగిందో మాట్లాడుకుంటారా? ఇంకోటి, డ్రైనేజీలోకి దిగడం, లోతు నీళ్ళు, హైవే మీద పనులు పిల్లలు చేసేవి కావు. అలా చెప్తే ధైర్యంగా "చేయం" అనండి. అదీ లీడర్‌షిప్పే.

ఎక్కడ మొదలుపెట్టాలి? స్కూల్లో ఉంటే ఎన్‌సీసీ, స్కౌట్స్ అండ్ గైడ్స్ ఉన్నాయేమో కనుక్కోండి. కాలేజీలో ఎన్ఎస్ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసర్ ఎవరో అడగండి. 15 నుంచి 29 ఏళ్ళ వాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం 2023లో 'మై భారత్' అని మొదలుపెట్టింది, అందులో ఫోన్‌లోనే పేరు నమోదు చేసుకోవచ్చు. ఇవేవీ లేకపోతే ముగ్గురు ఫ్రెండ్స్, నాలుగు ఆదివారాలు చాలు. మీ వీధిలో పింఛను కాగితాలు చదువుకోలేని తాతగారు ఎవరో ఒకరు ఉంటారు. ముందు వెళ్ళి కూర్చోండి, ఆయన ఏం చెప్తారో వినండి.

ఇంట్లో ఒప్పుకోకపోతే ఆ వారానికి రెండున్నర గంటల లెక్క చూపించండి. ఉంటాను, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.