బోన్సాయ్: సాగువిధానం, సంరక్షణ, సాహిత్యరూపకం – నిజాంపేట మేడల నేపథ్యం

వ్యాససంగ్రహం

చాలామంది తెలుగు పాఠకులకు 'బోన్సాయ్' అనే మాట తోటపని పుస్తకాలకంటె ముందుగా కథ ద్వారా పరిచయమైంది. అబ్బూరి ఛాయాదేవి 'బోన్‌సాయ్ బ్రతుకు' కథ పదవ తరగతి తెలుగు వాచకంలో చేరడంతో ఈ మాట ఎదగనివ్వని జీవితానికి పర్యాయంగా స్థిరపడింది. అయితే బోన్సాయ్ చెట్టు ఎందుకు చిన్నదిగా ఉంటుంది, దానిని ఎలా సాకుతారు అన్న విషయాలు తెలియకుండా ఆ కథను బోధిస్తే రూపకంలోని సగం అర్థం జారిపోతుంది. ఈ వ్యాసం బోన్సాయ్ చరిత్రను, వృక్షశరీరధర్మాన్ని, హైదరాబాదు ఐటీ ప్రాంతాన్ని ఆనుకొని ఉన్న నిజాంపేట వంటి చోట్ల పాటించదగిన సంరక్షణ పద్ధతులను వివరిస్తుంది. ఆ వెలుగులో సాహిత్యరూపకాన్ని పునఃపరిశీలిస్తుంది.

కీలక పదాలు: బోన్సాయ్, వామనవృక్షం, మర్రి, వృక్షాయుర్వేదం, అబ్బూరి ఛాయాదేవి, నిజాంపేట, రూపకం.

1. ఉపోద్ఘాతం

నిజాంపేట ఒకప్పుడు పొలాలూ చెరువులూ ఉన్న గ్రామం. నేడు అది వరుస అపార్టుమెంట్ల పట్టణప్రాంతం. ఇక్కడి ఇళ్లలో చాలావాటికి పెరడు లేదు. పెరడులో ఉండవలసిన తులసి, మందార, కరివేపాకు బాల్కనీ కుండీలలోకి చేరాయి. మర్రి, రావి, చింత వంటి మహావృక్షాలకు ఆ అవకాశమూ లేదు. వాటిని ఇంట్లో ఉంచుకోవాలన్న కోరికకు మిగిలిన ఒకే దారి బోన్సాయ్.

విచిత్రమేమిటంటే, ఈ చెట్లను ఎవరూ నాటకపోయినా అవి మేడల మీదికి వస్తూనే ఉంటాయి. మర్రి, రావి పండ్లు తిన్న పక్షుల రెట్టలతో గింజలు పిట్టగోడల పగుళ్లలో, డ్రైనేజీ గొట్టాల సందుల్లో పడి మొలకెత్తుతాయి. వేళ్లు గోడను చీలుస్తాయన్న భయంతో నివాసులు వాటిని నరికిస్తారు, కొందరు యాసిడ్ పోయిస్తారు. బోన్సాయ్ సాధకుని దృష్టిలో అవే మేలైన నారు. గుప్పెడు మట్టి కూడా లేనిచోట బతకడం అవి అప్పటికే నేర్చుకొన్నాయి.

2. పదం, చరిత్ర

జపాను భాషలో 'బోన్' అంటే లోతు తక్కువైన పాత్ర, 'సాయ్' అంటే నాటడం. పళ్లెంలో నాటినది అన్నంతవరకే ఈ పదానికి అర్థం. 'మరుగుజ్జు' అన్న భావం మూలపదంలో లేదు. తెలుగులో వాడుకలోకి వచ్చిన 'వామనవృక్షం', 'మరుగుజ్జు చెట్టు' అన్న అనువాదాలు ఆకారాన్ని చెబుతాయి గాని, పాత్రను వదిలేస్తాయి. ఈ కళకు కీలకం పాత్రే.

కళ మూలం చైనాలో ఉంది. 706వ సంవత్సరం నాటి జాంగ్‌హువాయ్ యువరాజు సమాధి కుడ్యచిత్రాలలో పళ్లెంలో అమర్చిన చిన్న మొక్కలను మోస్తున్న పరిచారికల బొమ్మలు కనిపిస్తాయి. అక్కడ 'పెన్‌జింగ్'గా పిలిచే ఈ విద్య జపానుకు చేరి, రాళ్లు, నీళ్లు, బొమ్మల హంగును తగ్గించుకొని ఒక్క చెట్టు మీదనే దృష్టి నిలిపింది. 1923 కాంటో భూకంపం తరువాత టోక్యోను వీడిన పెంపకందార్లు 1925లో ఓమియాలో బోన్సాయ్ గ్రామాన్ని నెలకొల్పారు.

బోన్సాయ్ ప్రాచీన భారతదేశంలోనే పుట్టిందన్న వాదం అప్పుడప్పుడు వినిపిస్తుంది. సురపాలుని 'వృక్షాయుర్వేదం', 1363 నాటి 'శార్ఙ్గధరపద్ధతి'లోని 'ఉపవనవినోదం' మన ఉద్యానవిద్య ప్రాచీనతకు బలమైన సాక్ష్యాలు. సురపాలుని గ్రంథానికి నళినీ సాధలే చేసిన ఆంగ్లానువాదాన్ని సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ 1996లో ప్రచురించింది. విత్తనాలు లేని పండ్లు, అకాలపుష్పాలు వంటి 'వైచిత్ర్యాల' ప్రస్తావన ఈ సంప్రదాయంలో ఉంది. కాని చెట్టు ప్రకృతిని మార్చి ఆశ్చర్యపరచడం వేరు, ముదిచెట్టు స్వరూపాన్ని చిన్న పాత్రలో తరాల తరబడి నిలబెట్టడం వేరు. మన విద్య గొప్పదనాన్ని చెప్పడానికి ఈ రెండింటినీ ఒకటిగా చూపవలసిన అవసరం లేదు.

3. చెట్టు చిన్నదిగా ఎందుకుంటుంది?

బోన్సాయ్ ప్రత్యేకమైన జాతి కాదు. పళ్లెంలోని మర్రికీ, మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రికీ జాతి ఒక్కటే. పళ్లెంలోని చెట్టును తీసి నేలలో నాటితే, వేళ్లు స్వేచ్ఛగా పాకగానే అది మళ్లీ పెద్దచెట్టుగా ఎదగనారంభిస్తుంది. దాని విత్తనం నుంచి మామూలు చెట్టే వస్తుంది. చిన్నదనం చెట్టు స్వభావంలో లేదు, చెట్టుకు కల్పించిన పరిస్థితిలో ఉంది.

ఆ పరిస్థితిని మూడు పనులు కల్పిస్తాయి. మొదటిది కొమ్మ కత్తిరింపు. కొమ్మ కొనలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ పక్క మొగ్గలను అణచి ఉంచుతుంది. కొనను తుంచితే ఆ అణచివేత తొలగి, పక్కమొగ్గలు విచ్చుకొంటాయి. ఎత్తుకు పోవలసిన శక్తి గుబురుగా మారుతుంది. కొమ్మలు చీలేకొద్దీ ఆకుల పరిమాణమూ తగ్గుతుంది. రెండవది వేరు కత్తిరింపు. లావు వేళ్లను తగ్గించినప్పుడు నీటినీ పోషకాలనూ పీల్చే సన్నవేళ్లు దట్టంగా పుడతాయి. మూడవది పాత్ర. వేళ్లకు చోటు పరిమితమైనప్పుడు పైభాగం పెరుగుదల దానికి తగినట్లుగా కుదించుకొంటుంది.

కాబట్టి చెట్టును మాడ్చి చిన్నది చేస్తారన్న నమ్మకం నిజం కాదు. మాడిన చెట్టు చిగురించదు, చిగురించని చెట్టుకు రూపం ఇవ్వడం కుదరదు. బోన్సాయ్‌కి ఆకలి లేదు, హద్దు ఉంది.

4. నిజాంపేట పరిస్థితులలో సంరక్షణ

4.1. జాతుల ఎంపిక: చలికాలపు విశ్రాంతిని కోరే పైన్ వంటి శీతలదేశపు చెట్లు దక్కను ఎండలో నిలదొక్కుకోవడం కష్టం. మర్రి, రావి, జువ్వి, చింత, సీమచింత, దానిమ్మ, కాగితంపూల మొక్క ఇక్కడి ఎండకు అలవాటుపడినవి. రావి ఆకు పెద్దది కావడం వల్ల చిన్న పాత్రలో పొందిక కుదరడం ఆలస్యమవుతుంది. చింత ఆకులు సహజంగానే సన్నవి. అందువల్ల కొత్తవారికి అది అనువైనది. మొక్కల కోసం గోడసందులు గాని, తూర్పుగోదావరి కడియం నర్సరీల నుంచి నగరానికి వచ్చే నారు గాని సరిపోతాయి. అడవిలోని ముదిమొక్కను అనుమతి లేకుండా పెకలించి తేవడం చట్టవిరుద్ధం, పైగా అటువంటి మొక్క బతకడం అరుదు.

4.2. మట్టి: పాత్ర లోతు తగ్గేకొద్దీ అడుగున నిలిచిపోయే తేమపొర నిష్పత్తి పెరుగుతుంది. నల్లరేగడి లేదా చెరువుమట్టి ఒక్కటే నింపితే వేళ్లకు గాలి ఆడక కుళ్లిపోతాయి. జల్లెడ పట్టిన ఇటుక పలుకులు, ముతక ఇసుక లేదా గ్రానైట్ పలుకులు, కొంత ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపిన మిశ్రమం మేలు. ఇటుక పొడిని జల్లించి పారవేయాలి, లేకపోతే అది నీటిదారులను మూసివేస్తుంది.

4.3. నీరు: రోజుకు ఇన్నిసార్లు అన్న లెక్క పనికిరాదు. వేలితో తాకినప్పుడు పైమట్టి ఆరినట్లు అనిపిస్తే, అడుగు రంధ్రాల నుంచి నీరు కారేదాకా పోయాలి. ఏప్రిల్, మే నెలలలో పడమటి బాల్కనీలో రెండుపూటలా పోయవలసి రావచ్చు, వానాకాలంలో కొన్ని రోజులు అసలు అవసరం ఉండదు. బోరునీటిలోని లవణాలు పాత్ర అంచున తెల్లని పొరగా పేరుకొంటాయి. నెలకొకసారి ధారాళంగా నీరు పోసి మట్టిని కడగడం, వాననీటిని పట్టి వాడడం దీనికి విరుగుడు. సెలవులకు ఊరెళ్లే కుటుంబం ముందుగా ఆలోచించవలసింది ఈ నీటి గురించే. వేసవిలో రెండు రోజులు నీరు అందకపోతే పదేళ్ల పెంపకం వృథా కావచ్చు.

4.4. కత్తిరింపు, తీగచుట్టడం, కుండీ మార్పు: అల్యూమినియం తీగను కొమ్మకు 45 డిగ్రీల వాలులో చుట్టి, మెల్లగా వంచాలి. తీగ మందం కొమ్మ మందంలో దాదాపు మూడోవంతు ఉండాలి. మర్రిజాతి కొమ్మలు వేగంగా లావెక్కుతాయి కాబట్టి వారానికొకసారి పరిశీలించి, తీగ బెరడును కొరకకముందే దానిని తుంచి తీసివేయాలి. చుట్లు విప్పబోతే కొమ్మ విరగవచ్చు. రెండేళ్లకొకసారి, ఫిబ్రవరి చివరలో గాని తొలకరిలో గాని కుండీ నుంచి తీసి, వేళ్లలో సుమారు మూడోవంతు తగ్గించి కొత్త మిశ్రమంలో నాటాలి. ఆ తరువాత రెండు మూడు వారాలు నీడలో ఉంచి, ఎరువు వేయకుండా ఆపాలి.

4.5. ఎండ, ఎరువు, చీడలు: బోన్సాయ్ గదిలోని అలంకారవస్తువు కాదు. అతిథులకోసం ఒకటి రెండు రోజులు లోపల పెట్టినా, దాని చోటు ఎండ తగిలే బాల్కనీయే. మాగబెట్టిన వేరుశనగ పిండి నీటిని పలుచగా పోస్తే చాలు. పిండినల్లి, పొలుసు పురుగు కనిపిస్తే తడిగుడ్డతో తుడిచి, వేపనూనె ద్రావణం చల్లాలి.

5. రూపకం: పునఃపరిశీలన

అబ్బూరి ఛాయాదేవి (1933–2019) చివరి సంవత్సరాలు నిజాంపేటకు కొద్ది దూరంలోని కొండాపూర్‌లో గడిచాయి. 'బోన్‌సాయ్ బ్రతుకు'లో ఆమె ఇంట్లో అపురూపంగా కాపాడుకొనే చెట్టును, ఆరుబయట స్వేచ్ఛగా ఎదిగిన చెట్టును ఎదురెదురుగా నిలిపి, ఆడపిల్లల పెంపకానికీ మగపిల్లల పెంపకానికీ మధ్య తేడాను చూపారు. తరగతిగదిలో ఈ రూపకాన్ని సాధారణంగా 'ఎదుగుదల లేని జీవితం' అని ఒక్కమాటలో తేల్చివేస్తారు.

పైన వివరించిన శరీరధర్మం ఈ పఠనాన్ని రెండు విధాల లోతు చేస్తుంది. మొదటిది, చిన్నదనం విత్తనంలో లేదు. స్త్రీ స్వభావతః దుర్బల అన్న వాదానికి ఇంతకంటె సూటి జవాబు లేదు. పాత్ర మారితే చెట్టు మారుతుంది. రెండవది, బోన్సాయ్‌ని ఎవరూ నిర్లక్ష్యం చేయరు. దానికి దక్కే శ్రద్ధ వీధిచెట్టుకు ఏనాడూ దక్కదు. కత్తెర, తీగ, హద్దు అన్నీ ప్రేమతోనే అమలవుతాయి. క్రౌర్యంతో కాక ఆప్యాయతతో సాగే నియంత్రణను చూపడంలోనే ఆ రూపకం బలం ఉంది.

అయితే రూపకం న్యాయమైనంత మాత్రాన కళ నేరం కాదు. జపానులోని యమాకి కుటుంబం సాకిన తెల్లపైన్ పెంపకం 1625లో మొదలైంది. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద పడిన అణుబాంబును తట్టుకొని నిలిచిన ఆ చెట్టును 1976లో అమెరికాకు కానుకగా ఇచ్చారు. దాని హిరోషిమా గాథ 2001లో గాని అక్కడివారికి తెలియలేదు. అటువంటి చెట్టును ఏ ఒక్కరూ పూర్తిగా పెంచలేరు, తరువాతివారికి అప్పగించవలసిందే. మనిషిని చెట్టులా పెంచరాదన్నది కథ చెప్పిన సత్యం. చెట్టుకు తరతరాల బాధ్యత వహించవచ్చన్నది కళ చెప్పే సత్యం. ఒకటి మరొకదానిని రద్దుచేయదు.

6. ముగింపు

1. బోన్సాయ్ జాతిలక్షణం కాదు. కత్తిరింపు, వేరు నియంత్రణ, పాత్ర కలిసి కల్పించే స్థితి.
2. నిజాంపేట వంటి చోట స్థానిక జాతులు, నీరు నిలవని మట్టి, బోరునీటి లవణాల పట్ల జాగ్రత్త పెంపకానికి ప్రాథమికం.
3. 'బోన్‌సాయ్ బ్రతుకు' బోధనలో చెట్టు సాగువిధానాన్ని కూడా చెప్పినప్పుడే రూపకం పూర్తి అర్థం విద్యార్థికి అందుతుంది.
4. బోన్సాయ్ పెద్దచెట్టుకు ప్రత్యామ్నాయం కాదు. చేవెళ్ల దారిలోని సుమారు 900 మర్రిచెట్ల భవితవ్యం రహదారి విస్తరణ కారణంగా జాతీయ హరిత ట్రైబ్యునల్ ముందుకు వెళ్లింది. పిల్లలమర్రి కొమ్మ 2017 డిసెంబరులో కూలినప్పుడు, చెదలను అరికట్టడానికి ఆ మహావృక్షానికి సెలైన్ సీసాలతో మందు ఎక్కించవలసి వచ్చింది. పళ్లెంలోని మర్రికి పూటపూటా నీరు పోసే చేతులు దారిపక్క మర్రి విషయంలోనూ ముందుకు రావాలి. బాల్కనీలోని చిన్నచెట్టు ఆ చూపును అలవాటు చేయగలిగితే దాని పెంపకం సార్థకమవుతుంది.