రాబడి తీరును బట్టి పొదుపు తీరు

సంపాదన పెరగాలన్నా, సంపాదించింది నిలవాలన్నా పనికీ డబ్బుకూ ఒక పద్ధతి ఉండాలి. ఏ పని ముందు చేయాలి, చేతికొచ్చిన కూలిలో ఎంత పక్కకు తీయాలి అన్నది ఒక్కసారి నిర్ణయించుకుని, ప్రతిసారీ మళ్లీ తర్జనభర్జన పడకుండా అదే పాటించడం ఆ పద్ధతి సారం. పొదుపు మీద వచ్చే సలహాల్లో ఎక్కువ భాగం నెల జీతగాళ్లను దృష్టిలో పెట్టుకుని చెప్పినవే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో చాలా ఇళ్లకు నెల జీతమే ఉండదు. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) కూలి వారానికోసారి చేతికొస్తుంది. కోరుట్ల, మెట్‌పల్లి వైపు బీడీల కూలిని వెయ్యి బీడీల లెక్కన కడతారు. పసుపు డబ్బు ఏడాదికోసారి వస్తుంది. గల్ఫ్ సంపాదన ఒప్పందం ఉన్నన్నాళ్లే. ఒకే ఇంట్లో తల్లి బీడీలు చుడుతూ, తండ్రి సేద్యం చేస్తూ, కొడుకు దుబాయిలో ఉండటం ఇక్కడ మామూలే. అందుకే ఈ ప్రాంతంలో పద్ధతి ఏదైనా డబ్బు వచ్చే తీరుకు తగినట్టు ఉంటేనే నిలుస్తుంది.

పనిలో వరుస

బీడీలు చుట్టే మహిళల పనిలో ఈ వరుస స్పష్టంగా కనిపిస్తుంది. తునికాకును ముందే తడిపి, తడి గుడ్డలో చుట్టి పెడతారు. ఆకు మెత్తబడ్డాక అచ్చు రేకు పెట్టి, కత్తెరతో ఒకే కొలతకు కత్తిరిస్తారు. కత్తిరింపు మొత్తం అయ్యాకే చాట ఒళ్లో పెట్టుకుని, తంబాకు నింపి చుట్టడం మొదలవుతుంది. దారం కట్టడం, మూతి మలచడం, 25 చొప్పున కట్టలు కట్టడం ఆ తర్వాతి దశలు. వెయ్యి బీడీలంటే 40 కట్టలు. ఒక్కో ఆకు కత్తిరించి ఒక్కో బీడీ చుడితే కత్తెర, తంబాకు, దారం మధ్య చేతులు మారడానికే పొద్దు గడిచిపోతుంది. ఒకే రకం పనిని ఒకేసారి ముగించడం, రేపటి పనికి ఈ రాత్రే సిద్ధం కావడం అనే రెండు సూత్రాలు ఈ పనిలోనే ఉన్నాయి. దుకాణదారుకైనా, దర్జీకైనా, పరీక్షలకు చదివే విద్యార్థికైనా ఇవి అలాగే పనికొస్తాయి.

సాంచాల కార్మికుడి పరిస్థితి వేరు. అతను ఒకేసారి అనేక సాంచాలను చూసుకోవాలి. నేసిన బట్ట లెక్కనే కూలి కాబట్టి ఆగిన సాంచ కూలి తేదు. నిండు కండెలు చేతికందేచోట పెట్టుకోవడం, తెగిన పోగును వెంటనే అతకడం, సాంచాల మధ్య ఒకే వరుసలో తిరగడం అతని రాబడిని నిర్ణయిస్తాయి. పని ఎక్కడ ఆగుతోందో కొన్ని రోజులు గమనించి కాగితం మీద రాసుకుంటే నష్టం ఎక్కడుందో తెలుస్తుంది. పనిగంటలు పెంచడం కంటే ఆ జాగాను సరిచేయడం మేలు.

వారం కూలిలో పొదుపు

వారం కూలి చిన్న మొత్తాల్లో వస్తుంది, చిన్న ఖర్చుల్లోనే కరిగిపోతుంది. ఖర్చులు పోగా మిగిలింది దాచాలనుకుంటే మిగిలేది చాలా తక్కువ. కూలి అందిన రోజే ఒక భాగం తీసి బ్యాంకులోనో పోస్టాఫీసులోనో వేస్తే, తక్కిన దానిలోనే ఇల్లు సర్దుకుంటుంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం నేత కార్మికులకు మొదలుపెట్టిన పొదుపు పథకం ఈ సూత్రం మీదే నడిచింది. అందులో మరమగ్గాల కార్మికుడు తన కూలిలో 8 శాతం జమ చేస్తే ప్రభుత్వం మరో 8 శాతం కలుపుతుంది. చేనేత కార్మికుల విషయంలో ప్రభుత్వ వాటా 16 శాతం. నెలకు 12,000 రూపాయలు సంపాదించే సాంచాల కార్మికుడి వాటా 960 రూపాయలు. ప్రభుత్వం అంతే కలిపితే ఏడాదికి 23,040 రూపాయలు పోగవుతాయి. వడ్డీ దీనికి అదనం.

సిరిసిల్లకు ఈ నిల్వ ఎందుకు అవసరమో అక్కడి పని తీరే చెబుతుంది. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డర్లు కొన్నేళ్లపాటు వేల మందికి చేతినిండా పని ఇచ్చాయి. 2024లో ఆ చీరల పని లేకపోవడంతో చాలా సాంచాలు ఆగాయి. ఆ తర్వాత మహిళా సంఘాల సభ్యుల చీరల పని వచ్చింది. ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడిన ఊళ్లో పని ఉన్న నెలలే పని లేని నెలలను మోయాలి. కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉంటే కార్మికుడు వడ్డీ వ్యాపారి గడప తొక్కనక్కర్లేదు.

ఏడాదికోసారి వచ్చే డబ్బు

జగిత్యాల జిల్లాలో పసుపు పెద్ద పంట. వానాకాలం మొదట్లో విత్తిన కొమ్ము ఎనిమిది తొమ్మిది నెలల తర్వాత తవ్వకానికి వస్తుంది. ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగు పట్టి మార్కెట్‌కు చేర్చేసరికి ఎండాకాలం వస్తుంది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైనా, ధరల ఎగుడుదిగుళ్లు రైతుకు తప్పవు. జగిత్యాల మామిడి తోటల రాబడీ ఏడాదిలో ఒక్క కాలానిదే.

ఒకేసారి పెద్ద మొత్తం చేతికొచ్చినప్పుడు దాన్ని వెంటనే విడదీయడమే ఇక్కడి పద్ధతి. వచ్చే పంట విత్తనం, ఎరువులు, కూలీల ఖర్చు ముందుగా తీసి పక్కన పెట్టాలి. తర్వాత అడ్తిదారు బాకీ తీర్చాలి. ఇంటి ఖర్చును పన్నెండు నెలలకు పంచి, నెలకు అంత మాత్రమే వాడాలి. ఆ సొమ్మును వేర్వేరు గడువుల చిన్న డిపాజిట్లుగా వేస్తే ఇంటి ఖర్చు నెలనెలా అందుతుంది, మధ్యలో ఎవరో అడిగారని కదిలించడమూ తగ్గుతుంది.

గల్ఫ్ సంపాదన, అప్పు లెక్క

గల్ఫ్‌కు వెళ్లే కార్మికుడి లెక్క తరచూ అప్పుతోనే మొదలవుతుంది. ఊళ్లో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెబుతారు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. లక్షన్నర అప్పుకు నెలకు 3,000 రూపాయల వడ్డీ. రెండేళ్లు వడ్డీ మాత్రమే కడితే 72,000 పోయి అసలు అలాగే ఉంటుంది. అదే అప్పుకు నెలకు 10,000 చొప్పున కట్టి, వడ్డీ పోగా మిగిలింది అసలులో జమ వేయిస్తే దాదాపు 18 నెలల్లో బాకీ తీరుతుంది, మొత్తం వడ్డీ 30,000 దగ్గర ఆగుతుంది. అసలులో జమ వేసుకుంటామన్న మాటను అప్పు తీసుకునే రోజే కాగితం మీద రాయించుకోవాలి.

అప్పు పెరగడానికి పెద్ద కారణం ఏజెంట్లకు ఇచ్చే డబ్బు. చట్టం ప్రకారం లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోదగిన గరిష్ఠ సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఏజెంటు లైసెన్సును కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో 10 లక్షల రూపాయల ప్రమాద బీమా ఉంది. ఈ బీమా తీసుకోకుండా విమానం ఎక్కడం తగదు.

పంపిన డబ్బు రెండు ఖాతాలకు వెళ్లడం మేలు. ఒకటి ఇంటి ఖర్చుకు, రెండోది తిరిగొచ్చాక పెట్టుకునే పనికి. విదేశాల్లో ఉండేవారు మన బ్యాంకుల్లో తెరిచే ఎన్‌ఆర్‌ఈ ఖాతా మీద వచ్చే వడ్డీకి ఇక్కడ ఆదాయపు పన్ను లేదు. ఒప్పందం ముగిసిన రోజున చేతిలో ఎంత ఉండాలో వెళ్లే ముందే ఇంట్లో అందరూ కూర్చుని నిర్ణయించుకుంటే, ప్రతి పండుగకూ పెరిగే ఖర్చుకు హద్దు ఉంటుంది.

నలుగురితో కలిసి

ఒంటరిగా పాటించడం కష్టమైన నియమాన్ని సంఘం నిలబెడుతుంది. మహిళా పొదుపు సంఘాలను బ్యాంకులతో కలిపే పనిని నాబార్డు 1992లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. ఈ సంఘాలు పాటించే పంచసూత్రాలు క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, సభ్యులకు అప్పులివ్వడం, సకాలంలో తిరిగి చెల్లించడం, లెక్కల పుస్తకాలు సరిగ్గా రాయడం. ఒక ఇంటికి కూడా ఇవి చాలు. వారానికోసారి భార్యాభర్తలు కూర్చుని వచ్చిందీ పోయిందీ ఒక నోటుబుక్కులో రాసుకుంటే ఐదింటిలో రెండు అప్పుడే నెరవేరినట్టు. పాత కరీంనగర్ జిల్లాలోని ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి నాయకత్వంలో మొదలైన సహకార గ్రామీణ బ్యాంకు, రైతులు ఇలాంటి క్రమశిక్షణతో ఎంత పెద్ద సంస్థను నిలబెట్టగలరో చూపింది.

చిట్టీ కూడా ఇలాంటి సామూహిక పద్ధతే. 20 మంది నెలకు 5,000 చొప్పున వేసే లక్ష రూపాయల చిట్టీలో ఒకరు 20,000 తగ్గించి పాడుకున్నారనుకుంటే, నిర్వాహకుడి కమీషన్ 5,000 పోగా 15,000 అందరికీ పంచుతారు. ఒక్కొక్కరికి 750 రూపాయలు తగ్గి, ఆ నెల కట్టాల్సింది 4,250 అవుతుంది. ముందు పాడుకున్నవారు అప్పు తీసుకున్నవారి కింద లెక్క, చివరిదాకా ఆగినవారు పొదుపు చేసినవారి కింద లెక్క. 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం కమీషన్ 7 శాతం మించకూడదు. రిజిస్టర్ కాని చిట్టీలో డబ్బు మునిగితే చట్టం అండ చాలా తక్కువ.

ఏది ముందు

వరుస ముఖ్యం. ముందు నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీ అప్పులు తీరాలి. అంత వడ్డీని మించిన లాభం భద్రమైన ఏ పొదుపూ ఇవ్వదు. తర్వాత మూడు నెలల నిల్వ. ఆపైన బీమా. ప్రధానమంత్రి జీవనజ్యోతికి ఏడాదికి 436 రూపాయలు, సురక్షా బీమాకు 20 రూపాయలు కడితే చెరి రెండు లక్షల రక్షణ ఉంటుంది. ఐదు ఎకరాలున్నా గుంట భూమే ఉన్నా అర్హత ఉన్న రైతుకు 2018 నుంచి రైతుబీమా కింద 5 లక్షల రక్షణ ఉంది. ఆ తర్వాతే దీర్ఘకాలపు పొదుపు. పదేళ్లలోపు ఆడపిల్ల ఉంటే సుకన్య సమృద్ధి, 40 ఏళ్లలోపు కూలీలకు అటల్ పెన్షన్, బీడీ కార్మికులకు పీఎఫ్ ఇందుకు దారులు. కూలి పెరిగినా, పంట మారినా, ఇంట్లో ఒకరు గల్ఫ్ వెళ్లినా, తిరిగొచ్చినా రాబడి తీరు మారుతుంది. అలా మారినప్పుడల్లా పక్కకు తీసే మొత్తాన్నీ, తీసే రోజునూ తిరగరాసుకోవాలి.