లెక్కలోని వాక్యము: కళాశాలాభ్యాస సమస్యల భాషాపరిశీలనము

అర్థశాస్త్రము, భౌతికశాస్త్రము, సాంఖ్యకశాస్త్రము, గణకశాస్త్రము అను నాలుగింటిని కళాశాలలలో నాలుగు శాఖలవారు బోధించుచున్నారు. వీని విషయములు వేఱు, పద్ధతులు వేఱు. కాని విద్యార్థి ఇంటికి గొనిపోయి సాధింపవలసిన అభ్యాససమస్య యనునది నాలుగింటికిని సామాన్యము. ఆ సమస్య అంకెలతో నిండియున్నను మొదట అది యొక వాక్యము. వాక్యార్థము బోధపడిన పిమ్మటనే గణనమునకు అవకాశము కలుగును. సమస్య తప్పినప్పుడు విద్యార్థికి శాస్త్రము రాలేదని మనము తీర్పు చెప్పుచున్నాము. శాస్త్రము వచ్చియు వాక్యము తెలియక తప్పినవాడు అందులో ఎవడో విచారించుట లేదు. ఈ విచారము తెలుగుశాఖలకు సంబంధించినదే యని నిరూపించుట ఈ వ్యాసమున కుద్దేశము.

సమస్యను వాక్యముగా రచించుట మనకు క్రొత్త గాదు. రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్ష నృపతుంగుని కాలమున, సుమారు క్రీ. శ. 850 ప్రాంతమున, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును సంస్కృతమున రచించెను. దానిని పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి దెచ్చెను. మల్లన కాలమును గూర్చి పండితులలో అభిప్రాయభేదములున్నను, శాస్త్రగ్రంథమును తెలిగించిన తొలివారిలో అతడొకడనుట సర్వసమ్మతము. 1150లో భాస్కరాచార్యుడు రచించిన లీలావతిలో సమస్యలు బాలికను సంబోధించి అడిగినట్లుండును. ఈ గ్రంథకర్తల దృష్టిలో సమస్య యనగా ఒకరు మఱియొకరిని అడిగిన ప్రశ్న. అడుగువాడును, వినువాడును, ఇరువురకు తెలిసిన లోకమును అందు గలవు.

ఆధునిక కాలమున 1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికామండలి శాస్త్రవిషయములను తెలుగున ప్రకటించుటకు దారి తీసెను. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూను బోధనభాషగా గ్రహించి, అందులకై 1917లోనే అనువాదశాఖ నేర్పరచుకొనెను. 1968లో తెలుగు అకాడమి స్థాపితమైన పిమ్మట కళాశాలా పాఠ్యగ్రంథములును, పారిభాషిక పదకోశములును తెలుగున విరివిగా వెలువడినవి. ఈ కృషియందు పదము మీద నిలిపినంత దృష్టి వాక్యము మీద నిలుపలేదని చెప్పక తప్పదు. పదకోశము పదమునకు పదము నిచ్చును గాని, సమస్యను చదువు విధమును నేర్పదు.

వాక్యార్థజ్ఞానమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును కారణములని మన శాస్త్రకారులు చెప్పిరి. ఒక పదము మఱియొక పదమును కోరుట ఆకాంక్ష. పదార్థములు పరస్పరము పొసగుట యోగ్యత. అవి తగిన చోట దగ్గరగా నుండుట సన్నిధి. ఈ మూడు కొలతలతో అభ్యాససమస్యలను పరిశీలించినచో విద్యార్థి తడబడు తావులు స్పష్టముగా గోచరించును.

మొదట ఆకాంక్షను గ్రహింతము. అర్థశాస్త్రమున సాధారణమైన సమస్య యిది: “ఒక వస్తువు ధర 10 రూపాయలును 12 రూపాయలును అయినప్పుడు డిమాండు వరుసగా 100, 90 యూనిట్లు. డిమాండు వ్యాకోచత్వమెంత?” ధర 10 నుండి 12కు పెరిగినదని గ్రహించినచో ధరలో మార్పు 20 శాతము, డిమాండులో మార్పు 10 శాతము, చిహ్నమును విడిచి చెప్పినచో వ్యాకోచత్వము 0.5 అగును. ధర 12 నుండి 10కి తగ్గినదనుకొన్నచో మార్పులు 16.67 శాతము, 11.11 శాతము, ఫలితము 0.67. రెండు ధరల సగటును, రెండు పరిమాణముల సగటును ఆధారముగా గొన్నచో 0.58. గణనమున దోషము లేకయే మూడు సమాధానములు వచ్చినవి. “నుండి”, “కు” అను రెండు ప్రత్యయముల లోపమే ఇందులకు హేతువు. శాతము ఎల్లప్పుడును “దేనిలో?” అను ప్రశ్నను కోరుచుండును. ఆ కోరిక తీరనిచో వాక్యము పూర్ణము గాదు.

గణకశాస్త్రమునందును ఇట్లే. 100 రూపాయలకు కొన్న సరుకును 125 రూపాయలకు అమ్మినచో లాభము కొన్న ధర మీద 25 శాతము, అమ్మిన ధర మీద 20 శాతము. “లాభము 20 శాతము” అని మాత్రమే వ్రాసిన సమస్య అర్థవాక్యమే. “యంత్రము విలువ 10,000 రూపాయలు, తరుగుదల ఏటా 10 శాతము” అన్నప్పుడు, తరుగుదలను తొలి విలువ మీదనే కట్టినచో మూడేండ్లకు 7,000 రూపాయలు మిగులును. ఏటేటికి తగ్గుచున్న నిల్వ మీద కట్టినచో 7,290 రూపాయలు మిగులును. “20 శాతము పెరిగెను”, “20 శాతమునకు పెరిగెను” అను రెండు వాక్యములకు గల దూరమును తెలుగు చెప్పువాడు గాక మఱెవ్వరు బోధింతురు?

అవధారణార్థకమైన ఏకారమును చూడుడు. మూడు నాణెములను ఎగురవేసినప్పుడు ఒకటే బొమ్మ పడుటకు సంభావ్యత 3/8. ఒకటైనను బొమ్మ పడుటకు సంభావ్యత 7/8. “ఒక బొమ్మ పడుటకు” అని వ్రాసినచో విద్యార్థి ఏది గ్రహింపవలెను? ఒక్క ఏకారము, ఒక్క “ఐనను” సమాధానమును సగమునకు పైగా మార్చివేయుచున్నవి. వ్యాకరణపాఠమున అవధారణమునకు పద్యములనుండియే ఉదాహరణముల నిచ్చుచున్నాము. ఈ నాణెముల ఉదాహరణము నిచ్చినచో విద్యార్థి దాని నెన్నటికిని మఱవడు.

ఇక యోగ్యత. భౌతికశాస్త్ర సమస్యలలో “నునుపైన తలము”, “తేలికైన దారము” అను మాటలు తఱచు వినవచ్చును. ఇక్కడ నునుపనగా ఘర్షణ లేదని, తేలికయనగా ద్రవ్యరాశిని లెక్కింపనక్కఱ లేదని అర్థము. లోకమున ఘర్షణ లేని తలము లేదు. పైగా మిక్కిలి నునుపుచేసి శుభ్రపఱచిన రెండు లోహతలములు ఒకదానికొకటి అంటుకొని ఘర్షణ పెరుగుటయు కలదు. కావున వాచ్యార్థము ఇచట పొసగదు. ముఖ్యార్థమునకు బాధ కలిగినప్పుడు తత్సంబంధియైన వేఱొక యర్థమును గ్రహించుట లక్షణ యని ఆలంకారికులు చెప్పినది అక్షరాల ఇచట వర్తించును. గంగయందు గొల్లపల్లె యన్నప్పుడు గంగాతీరమును గ్రహించినట్లే, నునుపైన తలమన్నప్పుడు ఘర్షణరహిత తలమును గ్రహింపవలెను. కాలక్రమమున ఇది ఆ శాస్త్రమున రూఢియైనది. ఆ రూఢిని తెలియనివాడు నునుపును వర్ణనముగా భావించి విడిచివేయును. “వస్తువును 19.6 మీటర్ల తొలివేగముతో నిట్టనిలువుగా పైకి విసరిరి” అను సమస్యలో గాలి నిరోధమును విడువవలెనని ఎవరును చెప్పరు. గురుత్వత్వరణము 9.8 అని చెప్పకపోవుటయు కలదు. సెకనుకు అన్న మాటయు ఒక్కొక్కప్పుడు లోపించును. ఇవన్నియు తెలిసినవాడే వస్తువు 2 సెకనులలో 19.6 మీటర్ల ఎత్తు చేరునని చెప్పగలడు. అర్థశాస్త్రమున “ఇతర విషయములు మారనప్పుడు” అను వాక్యఖండమును ఇట్టిదే. అది అలంకారము గాదు. అది లేనిచో డిమాండు సూత్రమే నిలువదు.

సన్నిధి ప్రాధాన్యము గణకశాస్త్రమున స్పష్టముగా నున్నది. ముగింపు లెక్కల సమస్యయందు పైన అంకణాయు, దాని క్రింద సర్దుబాట్లును ఇచ్చెదరు. అంకణాలోని అంశమును ఒక్కచోట మాత్రమే చూపవలెను. సర్దుబాట్లలో నిచ్చిన అంశమును రెండుచోట్ల చూపవలెను. ముగింపు సరుకు సర్దుబాట్లలో నున్నచో వర్తకపు ఖాతాయందును, ఆస్తి అప్పుల పట్టీయందును కనబడవలెను. అదే అంకణాలో నున్నచో పట్టీలో మాత్రమే చూపవలెను. మాట ఒకటే, మొత్తమొకటే. ఉన్న తావును బట్టి అర్థము మారినది. ఈ మర్మమును గ్రహింపని విద్యార్థి ఆస్తి అప్పుల పట్టీ ఎన్నిమారులు కూడినను సరిపోక నిరాశపడును. అతనిది కూడికలోని తప్పు గాదు.

పరిభాషను గూర్చి కొన్ని మాటలు చెప్పవలసియున్నది. ఆల్ఫ్రెడ్ మార్షల్ 1890లో ప్రకటించిన తన అర్థశాస్త్ర గ్రంథమున డిమాండు గుణమును చెప్పుటకు భౌతికశాస్త్రమునందలి మాటనే వాడెను. ఆంగ్లమున రెండు శాస్త్రములకును మాట యొకటియే. తెలుగున భౌతికశాస్త్రమువారు దానిని స్థితిస్థాపకత యనిరి, అర్థశాస్త్రమువారు వ్యాకోచత్వమనిరి. ఇంతలో భౌతికశాస్త్రమున వ్యాకోచము వేడివలన పదార్థము పెరుగుటకు పేరైయున్నది. అందుచే రెండు శాస్త్రములును చదువు విద్యార్థికి ఆంగ్లమున నున్న బంధుత్వము తెగిపోయి, లేని బంధుత్వమొకటి ఏర్పడుచున్నది. సామర్థ్యమన్నచో భౌతికశాస్త్రమున పని జరుగు రేటు. అర్థశాస్త్రమున ఉత్పత్తి చేయగల పరిమాణము. మూలధనమన్నచో గణకశాస్త్రమున యజమాని వ్యాపారమున బెట్టిన సొమ్ము. అర్థశాస్త్రమున యంత్రాదులైన ఉత్పత్తిసాధనములు. ఒక పదమునకు ఒక్కొక్క శాస్త్రమున ఒక్కొక్క యర్థముండుట దోషము గాదు. ఆ భేదమును చెప్పకపోవుట దోషము.

వాడుకలోని మాటలు తెచ్చిపెట్టు చిక్కు వేఱొకటి. చిట్టా, ఆవర్జా, పద్దు, అనామతు అను మాటలు అంగళ్ళనుండి పాఠ్యగ్రంథములలోనికి వచ్చినవి. విద్యార్థికి అవి చుట్టములవంటివి. కాని “జమ” అను మాట చూడుడు. దుకాణములో చేతికి వచ్చిన సొమ్మును జమ యందురు. పాఠమున క్రెడిట్టునకు జమ యని అర్థము చెప్పుదురు. అయితే జంటపద్దు విధానమున వచ్చిన నగదు నగదు ఖాతాలో డెబిట్టు వైపున పడును. క్రెడిట్టు ఇచ్చినవాని ఖాతాలో పడును. ఇచ్చినవాని పేర జమకట్టితిమని వివరించినచో చిక్కు తొలగును. వివరింపనిచో జీవితమున విన్న మాటయే పాఠమునకు శత్రువగును. “సగటు” అను మాటయు నిట్టిదే. ఐదుగురు పనివారి నెలజీతములు 10, 10, 12, 14, 54 వేల రూపాయలైనచో అంకమధ్యమము 20 వేలు, మధ్యగతము 12 వేలు, బాహుళకము 10 వేలు. సగటు జీతమెంత యని అడిగినచో యజమాని మొదటిదానిని, పనివారు కడపటిదానిని చెప్పవచ్చును. ఇచట మాటల యెంపికలో న్యాయాన్యాయములు సైతము ఇమిడియున్నవి.

వాక్యనిర్మాణమునకు ఒక్క ఉదాహరణము చాలును. “నునుపైన క్షితిజసమాంతర తలముపై నిశ్చలస్థితిలోనున్న 2 కిలోగ్రాముల ద్రవ్యరాశిగల వస్తువుపై ప్రయోగింపబడిన 10 న్యూటనుల బలముచే 3 సెకనులలో పొందబడిన వేగమును కనుగొనుము.” ఇందు ప్రతిమాటయు తెలుగే; వాక్యము మాత్రము తెలుగు గాదు. ఆంగ్లవాక్యమున విశేషణఖండములు విశేష్యమునకు తరువాత వచ్చును. వానినన్నిటిని తెచ్చి ముందు పేర్చుటచే కడపటివఱకు ఊపిరి బిగబట్టవలసి వచ్చినది. తెలుగున కర్మణిప్రయోగము సహజము గాకపోవుటచే భారము ఇనుమడించినది. దీనినే యిట్లు వ్రాయవచ్చును: “ఒక వస్తువు ద్రవ్యరాశి 2 కిలోగ్రాములు. అది ఘర్షణలేని సమతలము మీద కదలక యున్నది. దానిని 10 న్యూటనుల బలముతో ఒకే దిక్కునకు 3 సెకనులు నెట్టిరి. అప్పటికి దాని వేగమెంత?” త్వరణము సెకనుకు సెకనుకు 5 మీటర్లనియు, వేగము సెకనుకు 15 మీటర్లనియు విద్యార్థి తడుముకొనక చెప్పగలడు. శాస్త్రము తగ్గలేదు, అన్వయక్లేశము తగ్గినది.

సమస్య యొక్క లోకమును కాలమున కనుగుణముగా మారుచుండవలెను. 1957 ఏప్రిల్ 1వ తేదీన దశాంశనాణెములు రాకపూర్వము రూపాయికి 16 అణాలు, 192 పైలు. ఆనాటి సమస్యలలో శ్రమయంతయు అణాపైసలను మార్చుటయందే వ్యయమయ్యెడిది. ఆ మార్పుతో అవి పాతవైనవి. నేటి సమస్యలలోని వస్తువులను సైతము ఇట్లే పరీక్షించి, విద్యార్థి చూచిన అంగడి, పొలము, బస్సు, బ్యాంకు అందు ఉన్నవో లేవో అరయవలెను.

ఆంగ్లమున చదువు విద్యార్థులును ఈ సమస్యలలోనే తప్పుచున్నారుగదా, ఇందు తెలుగు దోషమేమని కొందఱనవచ్చును. నిజమే. దోషము తెలుగుది గాదు. విభక్తిప్రత్యయములును, అవధారణమును గల మన భాష ఈ సూక్ష్మభేదములను స్ఫుటముగా చెప్పగలదు. ఆ శక్తిని అనువాదములయందు వినియోగింపమియే లోపము. ఇంటిపని సమాధానములు నేడు యంత్రములనుండి క్షణములో లభించుచుండుటచే, సమాధానమును మాత్రమే దిద్దు పద్ధతికి విలువ తగ్గినది. విద్యార్థి సమస్యను ఎట్లు చదివెనో తెలిసికొనుట మున్నెన్నటికంటెను ఆవశ్యకమైనది.

కావున రెండు సూచనలు. పాఠ్యగ్రంథములలోని అభ్యాసములను ముద్రణకు ముందు శాస్త్రాధ్యాపకుడును, తెలుగధ్యాపకుడును కలిసి చదువవలెను. పరిశోధకవిద్యార్థులు 1968 తరువాతి పాఠ్యగ్రంథములనుండి సమస్యావాక్యములను సేకరించి, ప్రత్యయలోపము, అన్వయక్లేశము, పరిభాషాసంకరము అను శీర్షికల క్రింద వర్గీకరించినచో ఉపయుక్తమైన పరిశోధనమగును. ఇక తరగతిలో చేయదగినది మన పద్యబోధనలో నెప్పుడును ఉన్నదే. పద్యమునకు ప్రతిపదార్థమును, తాత్పర్యమును వ్రాయించినట్లు, ప్రతిసమస్యకును ముందు తాత్పర్యము వ్రాయింపవలెను: ఇచ్చినవేవి, చెప్పక విడిచినవేవి, అడిగినదేది. ఈ మూడును తన మాటలలో వ్రాయగలిగిన విద్యార్థికి పిమ్మట మిగులునది గణనము మాత్రమే. ఆపైన అతడు తప్పినచో అది శాస్త్రాధ్యాపకుడు దిద్దవలసిన తప్పు. అంతకుమున్ను తప్పినచో దిద్దవలసినవారము మనమే.