ఆకాశమునుండి పగడపు దిబ్బల పరిశీలనము

విద్యార్థులారా! చెరువుగట్టున నిలిచి చూచినపుడు చేరువ నీటిలోని గులకరాళ్లు స్పష్టముగ గానవచ్చును. నీరు లోతైనకొలది అడుగు నల్లబడి యేమియు దెలియకపోవును. ఈ చిన్న చిక్కే, వందలకొలది కిలోమీటర్ల పైనుండి సముద్రతీరములను జిత్రించు శాస్త్రజ్ఞులకు బెద్ద చిక్కై నిలిచినది. దానిని వారెట్లు విప్పిరో యిచట సంగ్రహముగ దెలుపుదుము.

పగడపు దిబ్బ వట్టి రాతిగుట్ట కాదు. మిక్కిలి చిన్న జంతువులు కోట్లకొలది కూడి, సున్నపు గూళ్లు కట్టికొని, తరతరములుగ బెంచిన కట్టడము. ఆస్ట్రేలియా యీశాన్యతీరమున గ్రేట్ బారియర్ రీఫ్ అను దిబ్బల వరుస సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున వ్యాపించియున్నది. సముద్రగర్భమున నూటికొక పాలైన లేని యీ దిబ్బలను సముద్రజీవజాతులలో నాలుగవ వంతు ఆశ్రయించియున్నవని యంచనా. అలల తాకిడినుండి తీరములను గాచునవియు నివియే. మన గోదావరీ కృష్ణా ముఖముల యొద్ద నట్టి పెద్ద దిబ్బలు లేవు. నదులు తెచ్చు ఒండ్రునీరు పగడములకు సరిపడదు. మన దేశమున నవి మన్నారు, కచ్ఛ సింధుశాఖలయందును, లక్షద్వీపములు, అండమాను నికోబారు దీవులయందును గలవు.

ఇట్టి ప్రదేశముల నన్నింటిని నీట మునిగి కొలుచుట యేండ్లతరబడి పని. 1972వ సంవత్సరమున అమెరికావారు మొదటి లాండ్‌శాట్ ఉపగ్రహమును బంపినది మొదలు పైనుండి చూచుటకు మార్గమేర్పడెను. కాని నీరు వెలుగును హరించును. ఎఱ్ఱని వెలుగు కొలది మీటర్లలోనే యింకిపోవును. నీలపు వెలుగు తేటనీటిలో ఇరువది మీటర్లకు మించి పోగలదు. అందుచే లోతుననున్న తెల్లని యిసుకయు, లోతులేని చోటనున్న నల్లని నాచును చిత్రమున నొకే ఛాయగ గనుపించును.

1978లో డేవిడ్ లైజెంగా అను అమెరికా శాస్త్రజ్ఞుడు దీనికొక యుపాయమును బ్రకటించెను. ఒక మీటరు నీరు వెలుగులో పదియవ వంతును హరించు ననుకొందము. 100 పాళ్లు 90 అగును. రెండవ మీటరున 81 అగును. తగ్గు మొత్తము మారినను నిష్పత్తి మారదు. కావున సంవర్గమానములను దీసికొన్నచో నీ తగ్గుదల సరళరేఖ యగును. నీటినుండియే వచ్చు వెలుగును ముందుగ దీసివేసి, ఒకే విధమైన యిసుక వేర్వేరు లోతులనున్న చోట్లను చిత్రమున నేరి, నీలము, ఆకుపచ్చ యను రెండు రంగులెట్లు తగ్గునో పోల్చినచో వాని తగ్గుదలల నిష్పత్తి దొరకును. రెండవ రంగు సంవర్గమానమును ఆ నిష్పత్తిచే గుణించి మొదటిదానినుండి తీసివేయగా, లోతు తొలగి అడుగు స్వభావమును దెలుపు సంఖ్య మిగులును. నీరు తేటగ నున్నచోటనే యిది చెల్లును. సంవర్గమానము లెందులకని మమ్మడుగు బాలబాలికలకు నిదియొక సమాధానము.

పగడములకు రంగునిచ్చునది వాని దేహములందు వసించు సూక్ష్మమైన నాచు. వేసవిలో నీటివేడి యలవాటైన గరిష్ఠమును ఒక డిగ్రీ మించి వారములకొలది నిలిచినచో, పగడములు ఆ నాచును వెడలగొట్టి తెల్లబడును. వేడి తగ్గనిచో జచ్చును. 2016, 2017 సంవత్సరములలో వరుసగ గ్రేట్ బారియర్ రీఫ్‌నకిట్లే సంభవించి పగడములు విస్తారముగ నశించెను. సముద్రపు పైపొర వేడిని ఉపగ్రహములు కంటికి గానరాని కిరణములచే గొలుచుచుండుటచే, ఆపద ముంచుకొనివచ్చుచున్నదని ముందుగ హెచ్చరించుట సాధ్యమగుచున్నది. 2021లో పూర్తియైన అల్లెన్ పగడపు పటము, ఉపగ్రహచిత్రములనుండి లోకమందలి లోతులేని దిబ్బలను జూపుచున్నది.

అయినను చచ్చిన పగడముపై నాచు పెరిగినచో, పైనుండి యది బ్రదికిన దానివలెనే కనుపడవచ్చును. కావున నేటికిని యొకరు నీటమునిగి కన్నులార జూచి పటమును సరిచూడవలసియున్నది. ఉపగ్రహము వేడిని జూపగలదు గాని తగ్గింపజాలదు. ఆ వేడికి మూలమైన పొగను దగ్గించుట మానవుల పని. మీ తరమువారు దానిని మఱవకుందురుగాక!